సాంతెమిలియాన్‌లో మార్కులు వైన్‌కా, టూరిజానికా?

2021 జులైలో ఫ్రాన్స్ వైన్ లోకంలో పెద్ద కలకలం రేగింది. బోర్డో నగరానికి తూర్పున ఉన్న సాంతెమిలియాన్ అనే ఊళ్లో, ద్రాక్ష తోటలు పెంచి వైన్ చేసే ఎస్టేట్లకు ఇచ్చే ర్యాంకింగ్‌లో అన్నిటికన్నా పైమెట్టు మీదున్న షెవాల్ బ్లాన్, ఓజోన్ అనే రెండు ఎస్టేట్లు, ఇక ఆ జాబితాలో ఉండబోమని తప్పుకున్నాయి. వైన్‌నీ దాన్ని పండించిన నేలనీ పక్కకు నెట్టి మార్కెటింగ్, సోషల్ మీడియా, సందర్శకుల ఏర్పాట్ల లాంటి వాటికి ప్రాధాన్యం పెంచేశారన్నది వాళ్ల అభ్యంతరం. 2022 జనవరిలో ఆంజెలూస్ కూడా తప్పుకుంది.

వైన్ ర్యాంకింగ్‌లోకి టూరిజం ఎలా వచ్చింది?

రెండు వేల జనాభా కూడా లేని ఊరు ఇది. ఏటా వచ్చే సందర్శకులు మాత్రం దాదాపు పది లక్షలని అంచనా. 8వ శతాబ్దంలో వాయవ్య ఫ్రాన్స్‌లోని బ్రిటనీ నుంచి వచ్చిన ఎమిలియన్ అనే సన్యాసి ఇక్కడి గుహలో తపస్సు చేసుకున్నాడని చెబుతారు, ఆయన పేరు మీదే ఊరు వెలిసింది, 12వ శతాబ్దంలో కొండను లోపలికి తొలిచి ఓ చర్చి కట్టారు. ఊరి కింద సున్నపురాయి తవ్వి తీసుకుపోయాక మిగిలిన సొరంగాల్లోనే తర్వాత వైన్ నిల్వ చేశారు. అంటే చూడటానికి వచ్చేవాళ్లకు ఇక్కడ ఏదీ కొత్తగా కట్టి చూపించాల్సిన పని లేదు.

కానీ వైన్‌కు పేరు తెచ్చుకునే విషయంలో ఈ ఊరికి పాత గాయం ఒకటుంది. 1855లో పారిస్ ప్రదర్శన కోసం బోర్డో వ్యాపారులు చేసిన ప్రసిద్ధ వర్గీకరణలో సాంతెమిలియాన్ వైన్ ఒక్కటీ లేదు, ఎందుకంటే ఇక్కడి సరుకు లిబూర్న్ రేవు మీదుగా వేరే వర్తకుల చేతుల్లో నడిచేది. తమ గుర్తింపు తామే తెచ్చుకోవాలన్న పట్టుదల రైతుల్లో అప్పటినుంచీ ఉంది. 1884లో సంఘం పెట్టుకున్నారు. 1199 నాటి రాజశాసనంతో మొదలై ఫ్రెంచ్ విప్లవంతో ఆగిపోయిన జురాద్ అనే పాలక మండలిని 1948లో వైన్ సంఘంగా మళ్లీ నిలబెట్టారు, దాని సభ్యులు ఎర్ర అంగీలు వేసుకుని బురుజెక్కి ద్రాక్ష కోతల ప్రారంభాన్ని ప్రకటించడం నేటికీ సాగుతోంది. 1955లో సొంత ర్యాంకింగ్ వచ్చింది. 1855 జాబితా దాదాపు రాతి శాసనంలా ఉండిపోతే, దీన్ని మాత్రం పదేళ్లకోసారి సవరించాలన్నారు. నా దృష్టిలో అది చాలా న్యాయమైన ఆలోచన. గొడవలన్నీ కూడా అక్కడే పుట్టాయి.

ఈలోగా ఫ్రాన్స్‌లో వైన్ తాగడం బాగా తగ్గింది. 1960లలో మనిషికి ఏడాదికి వంద లీటర్లు దాటిన వాడకం ఇప్పుడు సగం కూడా లేదు. 1991లో ఎవాన్ చట్టం మద్యం ప్రకటనలను కట్టడి చేసింది. అలాంటప్పుడు కొనేవాళ్లను తోటకే రప్పించడం కన్నా మంచి దారి ఏముంటుంది? 1999లో యునెస్కో ఈ ఊరినీ చుట్టుపక్కల గ్రామాలనూ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చాక జనం పోటెత్తారు. చిన్న ఎస్టేటు నడిపే కుటుంబానికి ఇది నిజంగా ఆసరా, ఎందుకంటే గుమ్మం దగ్గర అమ్మిన సీసా మీద దళారీ కమీషన్ ఉండదు.

చిక్కంతా ఆ ఆసరా పరీక్ష మార్కుగా మారడంలో ఉంది. 2006 ర్యాంకింగ్ కోర్టుల్లో కొట్టుకుపోయాక 2012కి కొత్త నియమాలు రాశారు, అందులో రుచి, నేల, తోట పనితోపాటు పేరుప్రతిష్ఠ కింద ఎస్టేటును సందర్శకులకు ఎలా తీర్చిదిద్దారో కూడా లెక్కలోకి వచ్చింది. కార్ పార్కింగ్‌కీ సమావేశాల హాలుకీ మార్కులా అని జాబితాలో చోటు దక్కనివాళ్లు మండిపడ్డారు, మళ్లీ కేసులు నడిచాయి. వాళ్ల కోపం సబబే అంటాను. ఉన్న కొద్దిపాటి డబ్బుతో పీపాలు కొనుక్కోవాలా, స్వాగత మందిరం కట్టుకోవాలా అని చిన్న రైతు తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు, రెండోదానికి ప్రోత్సాహమిచ్చే ర్యాంకింగ్‌ని వైన్ ర్యాంకింగ్ అనడం కష్టం.

2022 సెప్టెంబర్‌లో వచ్చిన తాజా జాబితాలో 85 ఎస్టేట్లు ఉన్నాయి, పైమెట్టు మీద పావీ, ఫిజాక్ రెండే. తప్పుకున్న మూడూ ఆ జాబితా లేకుండానే తమ వైన్‌ను పెద్ద ధరలకు అమ్ముకోగలుగుతున్నాయి. పెద్దగా పేరులేని ఎస్టేటుకు ఆ దారి లేదు, సీసా మీద ఆ హోదా ఉంటేనే దానికి ధర పలుకుతుంది. కాబట్టి తర్వాతి సవరణ లోపు నియమాలు మార్చమని అడగాల్సింది ఆ చిన్నవాళ్లే, అడిగే అవసరం ఉన్నదీ వాళ్లకే.