పళ్లు నల్లబడ్డాయని మందులు మానేస్తున్నారా? అపోహలు - వాస్తవాలు

పన్ను నొప్పితో వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చోగానే నోరు తెరుస్తారు. నెలల తరబడి మందులు వాడుతున్నవాళ్లు మాత్రం ముందు చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. "మేడమ్, యాంటీబయాటిక్స్ వాడితే పళ్లు పాడవుతాయట కదా?" అని మొదలుపెడతారు. ఆ "అట" ఎక్కడిదని అడిగితే పక్కింటావిడ, వాట్సాప్, మందుల షాపులో కుర్రాడు. కాసేపయ్యాక గొంతు తగ్గించి అసలు సంగతి చెబుతారు: "అందుకే నాలుగు రోజులుగా వేసుకోవట్లేదు."

నన్ను ఈ పోస్టు రాయించింది ఆ నాలుగు రోజులే.

అపోహ: మందు వల్లే రంగు మారింది, మానేస్తే మళ్లీ తెల్లబడతాయి.

ఇందులో మొదటి సగం ఒక్కోసారి నిజమే. రెండో సగం మాత్రం శుద్ధ అబద్ధం. పెద్దవాళ్లలో కోర్సు మధ్యలో కనిపించే మరక చాలావరకు పన్ను పైన పట్టిందే. మందు మానేసినంత మాత్రాన అది పోదు. గీకితే పోతుంది.

పోయినేడాది ఒక ఆటో డ్రైవర్ వచ్చాడు. మామూలు మందులకు లొంగని టీబీ. ఆరు నెలల కోర్సులో నాలుగో నెల నడుస్తోంది. వాడే మందుల్లో లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్ ఉంది. దాంతో కొందరికి పళ్ల పైపైన రంగు పడుతుంది, క్లీనింగ్ చేస్తే పోతుంది. ఇతనికి కింది ముందు పళ్ల వెనకంతా గట్టి గార, దాని మీద కాఫీ డికాక్షన్ రంగు. చెల్లెలి పెళ్లి దగ్గరపడుతోంది, ఫోటోల్లో నవ్వితే ఎలా అని అయిదు రోజులుగా బిళ్లలు ఆపేశాడు.

ఇంకొంచెం అడిగితే మరో సంగతి బయటపడింది. చిగుళ్లలో రక్తం వస్తోందని ఎవరో రెండు వారాలకు రాసిచ్చిన పింక్ మౌత్‌వాష్‌ని మూడు నెలలుగా పుక్కిలిస్తున్నాడు. అది క్లోర్‌హెక్సిడిన్. గోధుమ రంగు మరకలకు అది పెట్టింది పేరు. దానికి తోడు రోజుకు ఆరేడు టీలు. ఏ మరక దేనిదో చెప్పడం నా వల్ల కాలేదు. తప్పంతా మందు మీదకే తోసేయడం మాత్రం అన్యాయం.

కోప్పడాలనిపించింది, కానీ కోప్పడలేదు. టీబీ మందులిచ్చేటప్పుడు రిఫాంపిసిన్‌తో మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెబుతారు, అందుకని అది చూసి పెద్దగా ఎవరూ హడలిపోరు. పళ్ల సంగతి ముందుగా ఎవరూ చెప్పరు. అద్దంలో ఒక్కసారిగా చూసుకుంటే ఎవరికైనా టెన్షనే. అయినా ఒక లెక్క చూడండి. మరక గీకడానికి నాకు అరగంట చాలు. సగంలో మందు ఆపితే మిగిలిన క్రిములు ఈ మందులకూ మొండికేస్తాయి. ఇక ఆ తర్వాత వాడటానికి మిగిలే మందులు బహు కొద్ది. పైగా అదే గదిలో పడుకునే పిల్లలకు అంటేది ఆ మొండి టీబీయే.

ఆ రోజే టీబీ డాక్టరుకు ఫోన్ చేయించాను, బిళ్లలు మళ్లీ మొదలయ్యాయి. తెమడ పరీక్ష నెగటివ్ అని రిపోర్టు చూశాకే క్లీనింగ్ పెట్టుకున్నాను. గార తీసే స్కేలర్ మెషిన్ నీటి తుంపర గది నిండా లేస్తుంది కాబట్టి ఆ జాగ్రత్త తప్పదు. కింది పళ్ల వెనక గార పెచ్చు ఒకటి చిటికెన వేలి గోరంత ఊడి ట్రేలో టక్కున పడింది. పన్నే ఊడిందనుకుని పాపం కుర్చీలో లేచి కూర్చున్నాడు. అద్దం చేతికిచ్చి చూపిస్తే గానీ నమ్మలేదు.

అంతా అయ్యాక కుర్చీ దిగి చెప్పుల కోసం కాలితో తడుముకుంటున్నాడు. చెప్పు కాలి కిందే ఉంది, అతనికి తెలియట్లేదు. ఎన్నాళ్లుగా ఇలా అని అడిగాను. "నెల నుంచి తిమ్మిర్లు మేడమ్. బ్రేక్ మీద కాలుందో లేదో వంగి చూసుకుంటున్నా" అన్నాడు. లినెజోలిడ్‌తో డాక్టరుకు వెంటనే చెప్పాల్సినవి ఇలాంటివే: అరికాళ్ల తిమ్మిరి, చూపు మసకబారడం, మనిషి పాలిపోయి ఆయాసపడటం. పళ్ల కోసం ఊరు దాటి వచ్చిన మనిషి కాళ్ల సంగతి ఎవరికీ చెప్పలేదు! మళ్లీ ఫోన్ చేశాం. డాక్టరు పరీక్షించి, డోసు తగ్గించి కోర్సు కొనసాగించారు.

ఇక మిగతావి త్వరత్వరగా.

అపోహ: ఏ యాంటీబయాటిక్ అయినా పళ్లను లోపలి నుంచి పాడుచేస్తుంది.

ఈ చెడ్డపేరు టెట్రాసైక్లిన్ తెచ్చింది. పన్ను తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్లలోపు, లేదా తల్లి కడుపులో నాలుగో నెల దాటాక అది పడితే కాల్షియంతో కలిసి పన్నులోనే ఉండిపోతుంది. బూడిద రంగు పట్టీలు వస్తాయి, గీకితే పోవు. పెద్దయ్యాక వాడితే ఆ గొడవ లేదు. ఆ కుటుంబంలోదే, మొటిమలకు నెలల తరబడి వాడే మినోసైక్లిన్ ఒక్కటి పెద్దవాళ్లలోనూ కొందరికి నీలి బూడిద రంగు తెస్తుంది. స్క్రబ్ టైఫస్‌కి (చిన్న పురుగు కుడితే వచ్చే జ్వరం) పిల్లలకు అదే కుటుంబంలోని డాక్సీసైక్లిన్ రాస్తే మాత్రం పళ్ల పేరు చెప్పి వద్దనకండి. ఆ కొద్ది రోజుల కోర్సుతో పళ్లకు భయం లేదు, ఆలస్యమైతే ప్రాణానికే భయం.

నల్గొండ, ప్రకాశం వైపు నుంచి వచ్చినవాళ్లు "చిన్నప్పుడు ఏవో బిళ్లలు వేశారట" అంటుంటారు. సుద్ద రాసినట్టు తెల్ల చారలు, మధ్యలో గోధుమ మచ్చలు కుడి ఎడమ ఒకేలా ఉంటే నేను ముందు అడిగేది ఊళ్లో బోరు నీళ్ల గురించి. అక్కడ చాలాసార్లు దోషి బిళ్ల కాదు, ఫ్లోరైడ్.

అపోహ: యాంటీబయాటిక్స్ గార పట్టిస్తాయి.

గార అంటే ఉమ్మిలోని కాల్షియం పట్టి గట్టిపడిన పాచి. ఒంట్లో బాగోక, బ్రష్ పెడితే వాంతికొస్తోందని వేలితో కానిచ్చేస్తే పాచి నిలిచిపోతుంది, నోరు ఎండిపోతే ఇంకా నిలుస్తుంది. దీన్ని తిరగేసి "యాంటీబయాటిక్ వాడుతున్నాగా, చిగుళ్లు వాటంతటవే బాగుపడతాయి" అనేవాళ్లూ ఉన్నారు. గట్టిపడిన గారను ఏ బిళ్లా కరిగించదు.

అపోహ: క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయి.

అప్పటికే చిగురు, ఎముక దిగిపోయిన పన్నును గార సిమెంటులా పట్టుకుని ఉంటుంది. అది తీస్తే ఉన్న కదలిక బయటపడుతుంది. నేను కదిలించింది కాదు. ఇక నిమ్మకాయ, ఉప్పు, బొగ్గు పొడి అంటారా, మరకతో పాటు పన్ను పైపొర ఎనామిల్ కూడా అరిగిపోయి చన్నీళ్లు తాగినప్పుడల్లా జివ్వుమంటుంది.

ఒక్కటి మాత్రం మర్చిపోకండి. గుండె కవాటాల జబ్బుకు మూడు వారాలకో పెన్సిలిన్ ఇంజెక్షన్ తీసుకునేవాళ్లు, కృత్రిమ కవాటం ఉన్నవాళ్లు క్లీనింగ్‌కి ముందే ఆ మాట చెప్పాలి. కొందరికి గంట ముందు విడిగా యాంటీబయాటిక్ డోసు ఇవ్వాల్సి వస్తుంది. పెన్సిలిన్ మీద ఉన్నవాళ్లకు అది వేరే రకం అయి ఉండాలి. "ఇంజెక్షన్ పడుతోందిగా, అదే చాలు" అనుకోవద్దు.

వచ్చేటప్పుడు మందుల చీటీ తెచ్చుకోండి. చీటీ పోతే ఖాళీ స్ట్రిప్పులైనా సరే. "తెల్ల బిళ్ల, పొద్దున ఒకటి" అంటే అదేంటో నాకు తెలియదు.