నిండుగా ఉన్న లైబ్రరీ, తెరవని బీరువాలు

హైదరాబాద్‌లో చదివేవాళ్లే లేరని ఎవరైనా అంటే, ఒకసారి చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి చూడమంటాను. పొద్దున్నుంచే సీట్ల కోసం పోటీ. లోపల చోటు దొరకనివాళ్లు ఆవరణలోనే కుర్చీలు వేసుకుంటారు. ఇండియన్ పాలిటీ, తెలంగాణ ఉద్యమ చరిత్ర, కరెంట్ అఫైర్స్... ఎవరి పుస్తకాలు వాళ్లు ఇంటి నుంచో, హాస్టల్ నుంచో తెచ్చుకున్నవే. కథలు, నవలలున్న బీరువాల జోలికి పోయేది ఏ కొద్దిమందో. ఉద్యోగ నోటిఫికేషన్‌కు పనికిరాని పుస్తకం ముట్టుకునే తీరిక ఎవరికుంది? తప్పంతా ఫోన్ మీదికి నెట్టేయడం తేలికే గానీ, ఈ కథ ఫోన్ల కంటే పాతది.

అసలు ఈ ఊళ్లో తెలుగు చదువుకు ఎవరూ పీట వేసి కూర్చోబెట్టలేదు. నిజాం పాలనలో సర్కారు కచేరీల్లో ఉర్దూదే పెత్తనం. 1918లో వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే. అలాంటి చోట 1901 సెప్టెంబర్ 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే తెలుగు గ్రంథాలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల జమీందారు నాయని వెంకటరంగారావు అండగా నిలిచారు. 1921లో వివేకవర్ధని థియేటర్‌లో జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం దిగమింగుకోలేకే తెలుగువాళ్లు తమకంటూ ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. 1926లో గోలకొండ పత్రిక వచ్చింది. తెలంగాణలో కవులే లేరన్న ఎత్తిపొడుపుకు దాని సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి వాదనకు దిగలేదు, 1934లో 354 మంది కవులతో ఏకంగా ఒక సంచిక వేశారు. అంతకంటే గట్టి జవాబు నాకైతే తట్టదు. ఆ రోజుల్లో గ్రంథాలయం పెట్టడమంటే సర్కారు కన్ను పడే పనే.

తర్వాత ఆ పని సర్కారుదే అయింది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. జనం కడుతూనే ఉన్నారు. ఆ డబ్బు గ్రంథాలయ సంస్థకు చేరడం దగ్గరే పేచీ.

అసలు మలుపు బడిలో వచ్చింది. 1986లో ఎంసెట్ మొదలైంది. ఇంజినీరింగ్‌కు 160 ప్రశ్నలు, మూడు గంటలు, నాలుగు జవాబుల్లో ఒకదాన్ని ఎంచుకోవడం. ఇందులో ఒక్క వాక్యం కూడా సొంతంగా రాయక్కర్లేదు. కార్పొరేట్ కాలేజీలు ఇంటర్ రెండేళ్లనూ దీని చుట్టూనే తిప్పాయి. భాష సబ్జెక్టుకు మిగిలింది మార్కుల లెక్కే. రెండో భాషగా సంస్కృతం తీసుకుంటే మార్కులు దండిగా పడతాయి, పైగా జవాబులు తెలుగు లిపిలోనో ఇంగ్లిష్ అక్షరాల్లోనో రాసేయొచ్చు. దాంతో తెలుగూ పోయింది, సంస్కృతమూ రాలేదు. 2018లో తెలంగాణ ప్రభుత్వం బడుల్లో తెలుగును తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది గానీ, అది పదో తరగతి దగ్గరే ఆగింది.

కరోనా దెబ్బ సరేసరి. గ్రామీణ పిల్లల మీద చేసే అసర్ సర్వేలో, రెండో తరగతి పాఠం చదవగలిగిన ఐదో తరగతి పిల్లలు దేశం మొత్తమ్మీద 2018లో 50.5 శాతం ఉంటే 2022లో 42.8 శాతానికి పడిపోయారు. నగరాలు ఆ లెక్కలోకి రావు. ఫోన్ వంతు ఆ తర్వాతే. మెసేజ్‌లో తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టే అలవాటుతో గుణింతాలు, ఒత్తులు చేతికి దూరమయ్యాయి.

దీని ఫలితం పోటీపరీక్షల కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో కనిపిస్తుంది. గ్రూప్-1 ప్రిలిమ్స్ వరకు బబుల్స్ దిద్దితే సరిపోతుంది. మెయిన్స్‌లో మాత్రం పేపర్‌కు మూడు గంటలు చేత్తో రాయాలి, వ్యాసాలతో సహా. అందుకని బీటెక్ పూర్తిచేసినవాళ్లు ఫీజు కట్టి ‘ఆన్సర్ రైటింగ్’ క్లాసుల్లో చేరుతున్నారు. పేరా ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో అక్కడ నేర్పుతారు.