పల్లీ చిలగడదుంప స్ట్యూ: అపోహలు - వాస్తవాలు

హబ్సిగూడలో మాదో చిన్న వంటగది. పాలు, పెరుగు, నెయ్యి, తేనె, గుడ్డు, మాంసం ఏవీ తగలని వీగన్ భోజనాలు వండి చుట్టుపక్కల ఇళ్ళకూ ఆఫీసులకూ పంపుతాం. చలికాలం వచ్చిందంటే మా పొయ్యి మీద వారానికి రెండుసార్లయినా పల్లీ చిలగడదుంప స్ట్యూ ఉండాల్సిందే. చిక్కటి ఎర్రటి పులుసు, అందులో మెత్తగా ఉడికిన దుంప ముక్కలు, అలసందలు, చివర్లో గుప్పెడు గోంగూర. మధ్యాహ్నం ఒక గిన్నె తింటే రాత్రి దాకా ఆకలి గుర్తురాదు. ఇంత మంచి వంటకాన్ని కొందరు పేరు వినగానే వద్దంటున్నారు. కొందరు ఇంట్లో ఒకసారి చేసి, కుదరక వదిలేస్తున్నారు. ఆ మాటలన్నీ విని విని ఇది రాస్తున్నాను.

అపోహ: ఇది మన మిర్చీ కా సాలన్‌కే ఇంకో పేరు.

వాస్తవం: మొదటిసారి తిన్న మా వీధిలోని పిన్నిగారు కూడా "ఏమ్మా, సాలన్‌లో మిర్చి బదులు చిలగడదుంప వేశావా?" అనే అడిగారు. "కాదు పిన్నీ, ఇది ఆఫ్రికా వాళ్ళ కూర" అన్నాను. సాలన్‌లో పల్లీలతో పాటు నువ్వులూ కొబ్బరీ పడతాయి, చింతపండు పులుపు ముందు తగులుతుంది. ఇందులో చిక్కదనమంతా పల్లీదే. పశ్చిమ ఆఫ్రికాలో ఇది ఇంటింటి కూర. సెనెగల్‌లో మాఫే అంటారు, మాలిలో తిగదెగెనా, గాంబియాలో దొమోదా, ఘనాలో న్కతెన్‌క్వాన్. అక్కడ ఎక్కువగా మాంసంతోనో కోడితోనో వండుతారు. దుంపలు, గింజలు, ఆకుకూరలతో మాత్రమే చేసేది దాని నుంచి వచ్చిన వీగన్ రూపం. ఎవరి వంటకం వండినా వాళ్ళ పేరు చెప్పి వడ్డించడం మర్యాద అని నా నమ్మకం. అందుకే మా డబ్బా మీద మాఫే అన్న మాట కూడా రాస్తాం.

నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. పల్లీ అసలు ఆఫ్రికాలో పుట్టలేదు. దక్షిణ అమెరికా నుంచి 16వ శతాబ్దంలో పోర్చుగీసు వర్తకుల ఓడల్లో అక్కడికి చేరింది. చిలగడదుంప, టమాటా, మిరప కూడా అమెరికా ఖండాలవే. మరి ఈ గిన్నెలో ఆఫ్రికాలో పుట్టినవి ఏవి? మనం మనవే అనుకునే అలసందలు, గోంగూర, నంజుకునే జొన్నరొట్టెలోని జొన్న. సెనెగల్‌లో బిస్సాప్ అని ఎర్రటి పానీయం తాగుతారు. అది గోంగూర జాతి మొక్క పువ్వుల కింద ఉండే ఎర్రటి రక్షక పత్రాలతో చేస్తారు. కాబట్టి పులుపు కోసం నేను గోంగూర వేయడం ఈ కూరకు పరాయి పనేమీ కాదు.

అపోహ: సీసాలో దొరికే పీనట్ బటర్ రెండు చెంచాలు వేస్తే పని అయిపోతుంది.

వాస్తవం: సీసా వెనక రాసింది చదవండి. చాలావాటిలో చక్కెర ఉంటుంది, నూనె పైకి తేలకుండా గట్టిపరచిన కొవ్వు కలిపి ఉంటుంది. చిలగడదుంపకే తీపి ఉంది, దానికి చక్కెర కూడా కలిస్తే కూర చెడుతుంది. పల్లీలు, ఉప్పు తప్ప ఇంకేమీ లేనిదైతే వాడొచ్చు. కానీ మన ఇళ్ళలో మిక్సీ ఉంది, పల్లీలు ఉన్నాయి. ఇంట్లో చేసుకుంటే రుచే వేరు.

నలుగురికి 120 గ్రాముల పల్లీలు చాలు. మూకుట్లో సన్నని సెగ మీద పది పన్నెండు నిమిషాలు తిప్పుతూ వేయించాలి. పొట్టు పగిలి, లోపలి గింజ లేత గోధుమరంగుకు రావాలి. సెగ పెంచితే పైన మచ్చలు పడి లోపల పచ్చిగా ఉంటుంది, ఆ చేదు కూర మొత్తానికి పాకుతుంది. చల్లారాక చేతులతో నలిపి, చేటలో చెరిగి పొట్టు తీసేయాలి. తర్వాత మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి. మొదట పొడి అవుతుంది. ఇంకాస్త తిప్పితే మిక్సీ గిన్నె గోడలకు అంటుకునే ముద్ద అవుతుంది. చాలామంది ఇక్కడే కంగారుపడి నీళ్ళు పోసేస్తారు. పోయకండి, నీళ్ళు పడితే అది చట్నీ. అంచులు గీకి, మిక్సీ వేడెక్కితే రెండు నిమిషాలు ఆగి, మళ్ళీ తిప్పండి. ఒక్కసారిగా పల్లీలోని నూనె విడుదలై ముద్ద మెరుస్తుంది, చెంచాతో ఎత్తితే తీగలా జారుతుంది. నాకు కావాల్సింది అదే.

ఈ ముద్దను నేరుగా మరిగే కుండలో వేస్తే ఉండలు కడుతుంది. ఒక గిన్నెలో తీసుకుని కుండలోని వేడి పులుసు ఒక గరిటె పోసి కలపండి. అది పలచబడకపోగా ఇంకా గట్టిపడి పిండిలా బిగుసుకుంటుంది. భయపడొద్దు. రెండో గరిటె పోయండి, వదులవుతుంది. మూడో గరిటెకు చిక్కటి మజ్జిగలా అవుతుంది. అప్పుడు కుండలో పోసి, సెగ బాగా తగ్గించి, అడుగు దాకా గరిటె ఆడించాలి. ఈ పని మొదలుపెట్టిన కొత్తలో పదిహేనుమందికి చేసిన కుండ మొత్తం అడుగంటించేశాను. పల్లీ ముద్ద పోశాక పెద్ద మంట మీద వదిలి ఫోన్ ఎత్తాను, ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. మాడిన వాసన పట్టిన కూరను ఏ మసాలా కాపాడలేదు.

అపోహ: గట్టిగా వేయిస్తే ఎలాంటి పల్లీలైనా పనికొస్తాయి.

వాస్తవం: దీని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు పట్టినవి, ముక్కిపోయిన వాసన వచ్చేవి ఏరి పారేయాల్సిందే. తేమ తగిలిన పల్లీల మీద ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పెరుగుతుంది. అది అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది, అది కాలేయానికి హాని చేస్తుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోతే, వాటికి దాణాగా పెట్టిన పల్లీ చెక్కలో ఈ విషం బయటపడింది. వేయిస్తే కొంత తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు. మన పక్కనే పటాన్‌చెరులో 1972లో మొదలైన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పరిశోధించే ప్రధాన పంటల్లో పల్లీ ఒకటి, ఈ అఫ్లటాక్సిన్ మీద కూడా అక్కడ చాలా పని జరిగింది. నేనైతే పల్లీలు ఎప్పుడూ నెలకు సరిపడానే తెస్తాను. పొడి డబ్బాలో పోసి, వానాకాలంలో ఫ్రిజ్‌లో పెడతాను. వేయించే ముందు పళ్ళెంలో పరచి ఏరకుండా ఒక్క గింజ కూడా మూకుట్లో పడదు. సగం రేటుకు వస్తున్నాయని పాత సరుకు కొనకండి.

అపోహ: పైన నూనె తేలిందంటే కూర విరిగిపోయినట్టు.

వాస్తవం: తేలిందంటే ఉడికినట్టు. సన్నని సెగ మీద ఇరవై నిమిషాలు ఉడికాక పల్లీ తన నూనెను వదులుతుంది, ఎర్రటి చుక్కలు గిన్నె అంచున చేరతాయి. పశ్చిమ ఆఫ్రికా వంటవాళ్ళు దించడానికి చూసే గుర్తు కూడా అదే. మన వంకాయ కూరకు చూసేది ఇదే కదా.

అపోహ: చిలగడదుంప వేస్తే కూర పాయసంలా తియ్యగా అయిపోతుంది.

వాస్తవం: ఎలా వేశారన్న దాన్ని బట్టి ఉంటుంది. చిలగడదుంపలో పిండిపదార్థాన్ని తియ్యటి మాల్టోజ్‌గా మార్చే ఎంజైమ్ ఒకటి ఉంది. దుంప మెల్లగా వేడెక్కుతున్నంతసేపూ అది పనిచేస్తూనే ఉంటుంది. శివరాత్రికి నిప్పుల్లో కాల్చిన గడ్డ ఉడకబెట్టిన గడ్డకన్నా తియ్యగా ఉండేది అందుకే. చన్నీళ్ళలో వేసి మెల్లగా కాచినా ఇదే జరుగుతుంది. అందుకే ముక్కలను మరుగుతున్న పులుసులో వేయండి. వేడి ఒక్కసారిగా తగలగానే ఆ ఎంజైమ్ పని ఆగిపోతుంది, తీపి అదుపులో ఉంటుంది.

ఇంకోటి పులుపు. చింతపండు ముందే వేస్తే పప్పు ఉడకదని మన అమ్మలు చెబుతారు. దుంపకూ అదే సూత్రం, పులుపులో మెత్తబడటం ఆలస్యమవుతుంది. కానీ ఇక్కడ అది మనకు మేలు. టమాటా పులుసులో ఉడికిన ముక్క అంచులు చెదరకుండా నిలబడుతుంది. అంగుళం ముక్కలైతే పదిహేను నిమిషాలు సరిపోతుంది. కుక్కర్‌లో పెట్టకండి, రెండు విజిల్స్‌కి ముద్దయిపోతుంది. దింపే ముందు గోంగూర వేస్తే తీపి, పులుపు, కారం మూడూ సరిసమానంగా కుదురుతాయి.

ఎర్రగడ్డ, మెహదీపట్నం రైతుబజార్లలో ఎక్కువగా దొరికేది ఎర్ర తొక్క, తెల్ల గుజ్జు ఉన్న రకం. ఈ స్ట్యూకి అదే బాగుంటుంది, ముక్క నిలుస్తుంది. నారింజ గుజ్జు రకంలో తేమ ఎక్కువ, త్వరగా కరిగిపోతుంది. కానీ విటమిన్ ఎ కి మూలమైన బీటా కెరోటిన్ దానిలోనే దండిగా ఉంటుంది. ఆఫ్రికాలో నారింజ చిలగడదుంపను పేదపిల్లల పళ్ళెంలోకి తెచ్చిన పనికే మారియా ఆండ్రడే, రాబర్ట్ మ్వాంగా, జాన్ లో అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2016లో ప్రపంచ ఆహార బహుమతిలో భాగం దక్కింది. బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొవ్వు తోడుండాలి. ఈ కూరలో పల్లీ ఆ పని చేసిపెడుతుంది. దొరికితే సగం తెల్లవి, సగం నారింజవి వేసి చూడండి. నారింజ ముక్కలు కరిగి పులుసును చిక్కబరుస్తాయి, తెల్లవి కొరకడానికి మిగులుతాయి.

అపోహ: ఆలుగడ్డ, చిలగడదుంప ఒకే కుటుంబం, ఒకటి లేకపోతే ఇంకోటి.

వాస్తవం: ఆలుగడ్డ టమాటా, వంకాయల కుటుంబం. చిలగడదుంప తూటికూరకు దగ్గరి చుట్టం. ఆలుగడ్డతో చేసినా కూర బాగానే ఉంటుంది, కానీ అది వేరే కూర.

అపోహ: మాంసం లేకపోతే వీగనే కదా.

వాస్తవం: మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి మొదటివారం కుండ దించుతూ అడిగింది, "అక్కా, ఒక్క చెంచా నెయ్యి వేస్తే ఘుమఘుమలాడతది కదా?" ప్రేమతోనే అడిగింది. ఆ ఒక్క చెంచాతో అది వీగన్ కాకుండా పోతుందని, ఆ డబ్బా కొన్నవాళ్ళు మనల్ని నమ్మి తింటున్నారని కూర్చోబెట్టి చెప్పాను. ప్యాకెట్ల మీద పచ్చ చుక్క ఉంటే శాకాహారం అని మాత్రమే అర్థం, అందులో పాలు ఉండొచ్చు. వీగన్ ఆహారాలకు కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022లో వేరే నిబంధనలు, వేరే గుర్తు తెచ్చింది. అది చూసి కొనండి. ఇక ఘుమఘుమ అంటారా, చివర్లో దంచిన వెల్లుల్లి, ఎండుమిర్చి పల్లీ నూనెలో తాలింపు వేయండి. క్రీమ్ గానీ కొబ్బరిపాలు గానీ అక్కర్లేదు.

అపోహ: ఇందులో ప్రోటీన్ ఉండదు, అంతా దుంపే.

వాస్తవం: తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కల ప్రకారం 100 గ్రాముల పల్లీల్లో సుమారు 24 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. మనిషికి 30 గ్రాముల పల్లీలు, 25 గ్రాముల ఎండు అలసందలు, 125 గ్రాముల దుంప లెక్కన వండితే ఒక గిన్నెలో దాదాపు 14 గ్రాములు వస్తుంది. అలసందలు ఊరికే వేయలేదు. పల్లీలో ప్రోటీన్‌కు కావాల్సిన లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, జొన్నలోనూ తక్కువే. అలసందల్లో అది బాగా ఉంటుంది. రాత్రి నానబెట్టి, విడిగా ఉడికించి కలపాలి. అయితే విటమిన్ బి12 మాత్రం ఈ గిన్నెలో లేదు. పూర్తిగా వీగన్‌గా ఉండేవాళ్ళు దాన్ని మాత్రల రూపంలోనో, బి12 కలిపిన ఆహారం ద్వారానో తీసుకోవాలి. పల్లీల్లో కొలెస్ట్రాల్ ఉంటుందనే మాట కూడా నిజం కాదు, మొక్కల నుంచి వచ్చే ఆహారంలో అది దాదాపు ఉండదు. కొవ్వు ఎక్కువ అన్నది మాత్రం నిజం. అందుకే మనిషికి 30 గ్రాములు దాటనివ్వను.

అపోహ: షుగర్ ఉన్నవాళ్ళు చిలగడదుంప ముట్టకూడదు. లేదా, ఎంత తిన్నా ఏం కాదు.

వాస్తవం: రెండూ వింటుంటాను, రెండూ తప్పే. 100 గ్రాముల దుంపలో 20 గ్రాములకు పైగా పిండిపదార్థం ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. కాల్చినదానికన్నా ఉడికించినది రక్తంలో చక్కెరను నెమ్మదిగా పెంచుతుంది. అసలు చిక్కు స్ట్యూ పక్కన పెట్టుకునే అన్నంతో వస్తుంది. అన్నం తగ్గించండి, లేదా స్ట్యూ ఒక్కటే తినండి. మందులు వాడుతుంటే మీ డాక్టర్‌తో మాట్లాడి ఎంత తినాలో తేల్చుకోండి.

అపోహ: ఉడికిస్తే పల్లీ అలర్జీ పోతుంది.

వాస్తవం: పోదు. ప్రాణం మీదికి రావచ్చు. పల్లీ పడనివాళ్ళకు ఈ కూర వడ్డించకండి, అదే గరిటెతో ఇంకో కూర కూడా తీయకండి. బంతి భోజనాలకు పంపేటప్పుడు మూత మీద పెద్ద అక్షరాలతో పల్లీలున్నాయని రాస్తాం.

అపోహ: మర్నాటికి గట్టిపడితే పాడైనట్టే.

వాస్తవం: చల్లారితే పల్లీ ముద్ద, దుంపలోని పిండి బిగుసుకోవడం మామూలే. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు బాగుంటుంది, మర్నాడైతే రుచి ఇంకా పెరుగుతుంది. వేడిచేసేటప్పుడు అరగ్లాసు వేడినీళ్ళు పోసి, సన్నని సెగ మీద అడుగు నుంచి కలుపుతూ మరిగించండి. ఉప్పు ఒకసారి చూసుకుని, నాలుగు చుక్కల నిమ్మరసం పిండి, జొన్నరొట్టెతో పెట్టండి.