యార్క్‌లో గేట్ అంటే వీధి: ఒక గైడ్ చెప్పే అపోహలు - వాస్తవాలు

ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌లో నేను గైడ్‌ని. పిల్లల దగ్గరికి వచ్చిన తెలుగు అమ్మానాన్నలను ఎక్కువగా తిప్పుతుంటాను. లండన్ నుంచి రైల్లో రెండు గంటలే కాబట్టి చాలామంది పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోతారు. ఫోన్లో వీడియోలు చూసి, అందులో విన్న కథలు నన్ను అడుగుతారు. వాటిలో చాలా కల్పితాలు. ఇక్కడ నిజంగా జరిగినవి వాటికన్నా పెద్ద కథలు. అవి వినకుండా వెళ్లిపోతే నాకు బాధగా ఉంటుంది.

అపోహ: హ్యారీ పాటర్ సినిమా షాంబుల్స్ వీధిలో తీశారు.

తీయలేదు. సినిమాలో కనిపించే డయాగన్ ఆలీ అనే మాంత్రికుల బజారు లండన్ దగ్గర లీవ్స్‌డెన్ స్టూడియోలో వేసిన సెట్. షాంబుల్స్ మాంసం కొట్ల వీధి. మాంసం పరిచి అమ్మే బల్లలను పాత ఇంగ్లిష్‌లో పిలిచే పేరే వీధికి వచ్చింది. 19వ శతాబ్దంలో కూడా పాతికదాకా కొట్లు ఉండేవి. ఇళ్ల పై అంతస్తులు వీధి మీదికి పొడుచుకొచ్చి, కింద మాంసం మీద ఎండ పడకుండా నీడనిచ్చేవి. కొన్ని కొట్ల ముందు మాంసం వేలాడదీసిన కొక్కేలు ఇప్పటికీ ఉన్నాయి. ఫొటో కావాలంటే ఉదయం తొమ్మిదిలోపు వెళ్లండి.

ఇదే వీధిలో 35వ నంబర్ ఇంట్లో మార్గరెట్ క్లిథరో పేరిట చిన్న మందిరం ఉంది. మాంసం వ్యాపారి భార్య. అప్పట్లో నిషేధం ఉన్న కాథలిక్ ఫాదర్లను ఇంట్లో దాచిందన్న నేరం మోపితే, విచారణకు ఒప్పుకోలేదు. 1586లో ఆమె మీద బరువులు పేర్చి చంపారు. ఆమె కాపురం చేసింది మాత్రం ఈ ఇంట్లో కాదు, ఎదురు వరసలో అయి ఉంటుందని చరిత్రకారులు అంటారు.

అపోహ: క్లిఫర్డ్స్ టవర్ పైకెక్కి ఊరు చూడటానికే.

ఊరంతా కనిపిస్తుంది, ఎక్కండి. 55 మెట్లు. కానీ నేను ముందు టవర్ ఉన్న దిబ్బ కింద 1978లో పెట్టిన ఫలకం దగ్గర ఆపుతాను.

1190 మార్చిలో ఊళ్లో యూదుల మీద దాడులు మొదలయ్యాయి. ప్రాణభయంతో దాదాపు 150 మంది రాజుగారి కోటలోకి, ఈ దిబ్బ మీది టవర్‌లోకి వెళ్లి తలుపులు వేసుకున్నారు. బయట గుంపు చుట్టుముట్టింది. ఆ గుంపును రెచ్చగొట్టిన పెద్దమనుషుల్లో కొందరు యూదులకు అప్పులున్నవాళ్లే. మార్చి 16 రాత్రి, మతం మారడం ఇష్టంలేక లోపలివాళ్లలో చాలామంది తమ పిల్లలను, భార్యలను చంపి తామూ చనిపోయారు. ప్రాణాలు కాపాడతామన్న మాట నమ్మి బయటికొచ్చిన వాళ్లను కూడా చంపేశారు. తర్వాత గుంపు నేరుగా ఊళ్లోని పెద్ద చర్చి మిన్‌స్టర్‌కి వెళ్లి, అక్కడ దాచిన అప్పు పత్రాలు తగలబెట్టింది.

మీరు చూసే రాతి టవర్ అప్పటిది కాదు. అప్పటిది కొయ్యది, కాలిపోయింది. ఇది 13వ శతాబ్దంలో కట్టింది. మార్చిలో ఆ దిబ్బంతా పసుపుపచ్చ డాఫొడిల్ పూలతో నిండిపోతుంది. ఎన్నిసార్లు చెప్పినా ఆ చోట నా గొంతు మారిపోతుంది.

అపోహ: టికెట్ లేకపోతే మిన్‌స్టర్‌లోకి రానివ్వరు.

చూడటానికి టికెట్ ఉంది, ప్రార్థనకు లేదు. సాయంత్రం జరిగే ఈవెన్‌సాంగ్ ప్రార్థనకు ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. ఫొటోలు మాత్రం వద్దు, గుడిలో ఉన్నట్టే ఉండండి. అయినా ఒకసారి టికెట్ కొనమనే చెబుతాను, తూర్పు గోడకున్న పెద్ద అద్దాల కిటికీ కోసం. జాన్ థార్న్‌టన్ బృందం దాన్ని 1405 నుంచి 1408 వరకు మూడేళ్లలో పూర్తి చేసింది. టెన్నిస్ కోర్టంత కిటికీ. సృష్టి మొదలు నుంచి ప్రళయం దాకా బైబిల్ కథ మొత్తం రంగు అద్దాల్లో ఉంటుంది. ఈ మధ్య 311 పలకలూ విప్పి, బాగుచేసి, 2018లో మళ్లీ పూర్తిగా అమర్చారు. పొద్దున వెలుతురులో చూడండి.

అపోహ: కోట గోడలన్నీ రోమన్లు కట్టినవి.

ఇప్పుడు మనం నడిచే గోడ ఎక్కువగా 13, 14 శతాబ్దాలది. రోమన్ల పని చూడాలంటే మ్యూజియం గార్డెన్స్‌లోని మల్టాంగ్యులర్ టవర్‌కి వెళ్లండి. కింద చిన్న రాళ్లు వాళ్లవి, పైన పెద్ద రాళ్లు తర్వాతివి. గోడ మీద సుమారు మూడున్నర కిలోమీటర్లు ఉచితంగా నడవొచ్చు. మోకాళ్ల నొప్పులుంటే బూథమ్ బార్ అనే కోట ద్వారం నుంచి మాంక్ బార్ ద్వారం దాకా చాలు, మిన్‌స్టర్ అక్కడినుంచే అందంగా కనిపిస్తుంది. కొన్నిచోట్ల లోపలివైపు రెయిలింగ్ లేదు, చిన్నపిల్లల చెయ్యి వదలొద్దు.

స్టోన్‌గేట్ అనే వీధికి వచ్చాక "స్టోన్‌గేట్‌లో గేటేదీ?" అని అడుగుతుంటారు. 866లో ఊరిని పట్టుకున్న వైకింగుల భాషలో గాటా అంటే వీధి. ఇక్కడ గేట్ అంటే వీధి, బార్ అంటే కోట ద్వారం.

అపోహ: రైల్వే మ్యూజియం పిల్లలకే.

రైల్వేలో రిటైరైన నాన్నగారు మీతో ఉంటే ముందు అక్కడికే తీసుకెళ్లండి. ప్రవేశం ఉచితం. 1938లో గంటకు 126 మైళ్లు పరుగెత్తి ఆవిరి ఇంజన్లలో రికార్డు సాధించిన మల్లార్డ్ ఆ మ్యూజియందే.

అపోహ: రోమన్ల కాలపు యార్క్‌లో ఉన్నది యూరప్ తెల్లవాళ్లే.

1901లో ఇక్కడ ఒక రాతి శవపేటిక దొరికింది. అందులో 4వ శతాబ్దపు సంపన్న యువతి. ఎముకలను పరిశీలించిన పరిశోధకులు ఆమె పూర్వీకుల్లో ఉత్తర ఆఫ్రికా వాళ్లు ఉండొచ్చని 2010లో చెప్పారు. ఆమెతోపాటు ఏనుగు దంతం గాజులు, నల్లటి జెట్ రాయి గాజులు, చిన్న అద్దం పెట్టి పూడ్చారు. ఈ కథ నేను యార్క్‌షైర్ మ్యూజియం ముందు, అన్నిటికన్నా చివర చెబుతాను. వింటూ వింటూ అమ్మలు తమ చేతి గాజులు సర్దుకుంటారు.