పేరు తెలియని సీడీ, పేర్లు మోసే ప్రోటోకాల్

1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా సంగీత కళాశాల వెలసిన విజయనగరంలో, ఎవరో దాచుకున్న హరికథ సీడీని కంప్యూటర్‌లో పెట్టారనుకుందాం. మామూలుగా ఆడియో సీడీలో కథ పేరుగానీ హరిదాసు పేరుగానీ ఉండవు. ఏ ట్రాక్ ఎక్కడ మొదలవుతుందో సెకనుకు 75 భాగాల లెక్కన చెప్పే పట్టిక మాత్రం ఉంటుంది. ఆ పట్టికనే గుర్తుగా చేసుకొని, వినేవాళ్లే పేర్లు నింపే ఉమ్మడి డేటాబేస్‌గా 1990లలో సీడీడీబీ పుట్టింది. ఆ పేర్లను ఏ ప్రోటోకాల్ మీద, అంటే కంప్యూటర్లు మాట్లాడుకునే ఏ పద్ధతిలో, పంపాలన్నదే ఇక్కడి చర్చ.

గుర్తు కట్టే తీరు చూడండి. మన హరికథ అరగంట చొప్పున రెండు ట్రాకులైతే, అవి 2వ, 1802వ సెకన్ల దగ్గర మొదలవుతాయి. ఆ అంకెలన్నీ కూడితే (2+1+8+0+2) 13, మొత్తం నిడివి 3600 సెకన్లు, ట్రాకులు 2. ఈ మూడూ కలిసి 32 బిట్లలో ఇమిడిపోతాయి. అరగంట చొప్పున కోసిన మరో సీడీకీ ఇదే గుర్తు వస్తుంది కనుక, జవాబుగా ఒక్కోసారి సరిపోయే సీడీల జాబితానే పంపవలసి ఉంటుంది.

ఇంత చిన్న ప్రశ్నకు, ముందు పలకరింపు లేకుండా నేరుగా పంపే యూడీపీ ప్యాకెట్ ఒకటి చాలదా అనిపిస్తుంది. వెబ్‌సైట్ల పేర్లకు చిరునామాలు చెప్పే డీఎన్ఎస్ మొదట పెట్టుకున్న 512 బైట్ల హద్దునే తీసుకుందాం. యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) ప్రతి తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ 3 బైట్లు పడతాయి. 15 గుర్తుల పేర్లు 12 ఉంటే 540 బైట్లు. రెండు ట్రాకుల హరికథ ఇముడుతుంది, పన్నెండు కృతుల సీడీ ఇమడదు. సీడీడీబీ సొంత ప్రోటోకాల్‌కు ఈ ఇబ్బంది లేదుగానీ, పలకరింపు, ప్రశ్న, జవాబు, సెలవు అంటూ సంభాషణ సాగాలి. పైగా కళాశాలల నెట్‌వర్క్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్‌లు కొత్త పోర్టులను (రాకపోకల ద్వారాలను) తరచు మూసే ఉంచుతాయి. ఒకసారి సరిగా నింపిన వివరం ఏళ్ల తరబడి మారదు కాబట్టి, వెబ్ పేజీలను చేరవేసేదీ, దారిలోనే జవాబును దాచుకోనిచ్చేదీ అయిన హెచ్‌టీటీపీయే ప్రశ్నలకు తగినదని నా నిశ్చయం.

శ్రీకాకుళంలో ఆ డేటాబేస్‌కు మరో నకలు నిలపడం వేరే సమస్య. ఆర్‌సింక్ (రెండు చోట్ల ఫైళ్లను ఒకేలా ఉంచే సాధనం) మారిన భాగాలనే పంపుతుంది, నిజమే. కానీ సీడీకొక ఫైలు చొప్పున లక్షల ఫైళ్లుంటే, ఏది మారిందో తేల్చడానికే ప్రతిసారీ జాబితా అంతా తిరగేయాలి. ఏ రోజు మార్పులు ఆ రోజు ఒక ఫైలుగా పేర్చి అదే హెచ్‌టీటీపీ మీద ఉంచడం మేలు. లైను రెండు రోజులు తెగినా, తిరిగి వచ్చాక ఆ రెండు ఫైళ్లు తెచ్చుకొని, ప్రతి నమోదులో ఉండే సవరణ సంఖ్యను పోల్చి, పెద్దదాన్నే నిలుపుకుంటే, ఎవరో సరిదిద్దిన రాగం పేరును పాత తప్పు మళ్లీ చెరిపేయదు.