ఇనుమా, నికెలా: కీ తగాదా వెనక 1927 నాటి గీత

గుంటూరు బ్రాడీపేట ట్యూషన్లలో ఈ తగాదా మళ్లీ రాజుకుంది. ఒక్కో న్యూక్లియాన్‌కి (ప్రోటాన్ గానీ న్యూట్రాన్ గానీ) బంధన శక్తి, అంటే కేంద్రకాన్ని విడగొట్టడానికి పట్టే శక్తి, అత్యధికంగా ఉన్న కేంద్రకం ఏది? ప్రాక్టీస్ పేపర్ కీలో, అంటే జవాబుల జాబితాలో, ఇనుము-56 అని ఇచ్చారు (56 అంటే దానిలోని న్యూక్లియాన్ల సంఖ్య). ఆప్షన్లలో నికెల్-62 కూడా ఉంది. తప్పైతే మైనస్ మార్కు, పిల్లలు ఊరుకుంటారా?

ఐన్‌స్టీన్ సమీకరణం, ద్రవ్యరాశి లోపం (విడి భాగాల మొత్తం కంటే కేంద్రకం ఎంత తక్కువ తూగుతుందో ఆ తేడా) నిర్వచనం అందరికీ కంఠతా వచ్చినవే, వదిలేద్దాం. ముడి పడింది బ్రిటిష్ శాస్త్రవేత్త ఆస్టన్ దగ్గర. కేంబ్రిడ్జిలో మాస్ స్పెక్ట్రోగ్రాఫ్‌తో ఐసోటోపులను (ఒకే మూలకంలో వేర్వేరు బరువుల పరమాణువులను) తూచిన ఆయన 1927లో ప్యాకింగ్ ఫ్రాక్షన్ గీత గీశాడు. ఆక్సిజన్-16ని ప్రమాణంగా పెట్టుకుని, ద్రవ్యరాశి సంఖ్యలో ఒక్కో వంతుకి బరువు ఎంత తేడా వస్తోందో చూపే గీత అది. అప్పటికి న్యూట్రాన్ ఇంకా దొరకలేదు. చాడ్విక్ దాన్ని పట్టుకున్నది 1932లో. కేంద్రకం నిండా ప్రోటాన్లూ ఎలక్ట్రాన్లే అనుకునే రోజులవి. తేలికైనదే గట్టిగా బిగిసిందనుకుంటే ఆ రోజుకి సబబే.

న్యూట్రాన్ వచ్చాక లెక్క రెండుగా చీలింది. ప్రోటాన్ 938.27 ఎంఈవీ, న్యూట్రాన్ 939.57 (ఎంఈవీ శక్తికి కొలత, ఇక్కడ బరువునీ దాంతోనే చెబుతారు). న్యూట్రాన్ల వాటా ఎక్కువున్న కేంద్రకం సరుకులోనే కాస్త బరువన్నమాట. ఇనుము-56లో న్యూట్రాన్లు 30, నికెల్-62లో 34. పరమాణు ద్రవ్యరాశిని న్యూక్లియాన్ల సంఖ్యతో భాగిస్తే ఇనుము 0.998838, నికెల్ 0.998844. తేలిక ఇనుమే. విడగొట్టడానికి పట్టే శక్తి చూస్తే వరస మారిపోతుంది: నికెల్-62కి 8.795 ఎంఈవీ, ఇనుము-58కి 8.792, మన ఇనుము-56కి 8.790. మూడో స్థానం! నికెల్ కంటే అది తేలికగా తూగింది ప్రోటాన్ల వాటా ఎక్కువ కాబట్టే. 1995లో భౌతిక శాస్త్రవేత్త ఫ్యూవెల్ అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో విడమర్చింది ఈ తికమకనే.

ఇనుము పక్షం మాస్టార్లు చూపేది ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం. అందులో బంధన శక్తి గీత శిఖరం 56 దగ్గర, "సుమారు" 8.75. ఆ సుమారు అన్న మాట కీలోకి ఎక్కలేదు. నక్షత్రాలు ఇనుము దగ్గరే ఆగుతాయనీ అంటారు. నిజానికి పేలే నక్షత్రంలో ముందు పుట్టేది నికెల్-56. అది కోబాల్ట్ మీదుగా ఇనుమవుతుంది. అది పుట్టుక దారి, బిగుతు లెక్క కాదు.

ఆప్షన్లలో నికెల్-62, ఇనుము-58 లేకపోతే ఇనుము-56కి మార్కు వెయ్యొచ్చు. ఈ పేపర్లో నికెల్-62 ఉంది.