ఆరో తరం వస్తోంది, కొండ చాటు పల్లెకు నాలుగోదైనా అందిందా?

మొబైల్ సిగ్నల్ లేని 7,287 గ్రామాలకు 4జీ, అంటే నాలుగో తరం మొబైల్ సేవ, అందించేందుకు కేంద్ర మంత్రివర్గం 2021 నవంబరులో సుమారు 6,466 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఐదు రాష్ట్రాల్లోని 44 ఆకాంక్షిత (వెనుకబడినవిగా కేంద్రం గుర్తించిన) జిల్లాలకు ఉద్దేశించిన ఆ పథకంలో కడప కూడా ఉంది. దేశంలో తొలి సెల్‌ఫోన్ కాల్ 1995 జూలై 31న మోగింది; అంటే 26 ఏళ్ల తరువాత కూడా గంట మోగని ఊళ్లు మిగిలే ఉన్నాయన్నమాట.

మొదట్లో లైసెన్సు రుసుమే భారంగా ఉండడంతో కంపెనీలు నగరాలు దాటలేదు. 1999 నాటి టెలికాం విధానం రుసుము స్థానంలో ఆదాయ వాటా పద్ధతిని తెచ్చాక, 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక టవర్లు పల్లెల వైపు కదిలాయి.

అసలు చిక్కు తరంగాలది. 900 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో మొదలైన సేవ 3జీతో 2100కు, 5జీతో 3300కు, ఆపై 26 గిగాహెర్ట్జ్‌కు ఎగబాకింది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ మోసే సమాచారం పెరుగుతుంది గానీ తరంగం కొండ అంచున వంగి అవతలికి దిగే గుణం తగ్గుతుంది. కడప ప్రాంతంలోని పాలకొండలు, లంకమల వంటి కొండ వరుసల చాటున ఉండే పల్లెకు ఇదే దెబ్బ. అక్కడ సిగ్నల్ లేకపోతే చౌకదుకాణం డీలరు ఈ-పాస్ మిషన్ పట్టుకుని మిట్ట ఎక్కాలి, వేలిముద్ర వేయడానికి ముసలివాళ్లూ వెంట ఎక్కాలి. ఇలాంటి నేలకు అనువైన 700 మెగాహెర్ట్జ్ బ్యాండు (పౌనఃపున్యాల పట్టీ) మాత్రం వేలంలో ప్రభుత్వం పెట్టిన కనీస ధరకు కంపెనీలు తాళలేక 2016లోనూ, 2021లోనూ అమ్ముడుపోలేదు. 2022లో గానీ కొనేవారు దొరకలేదు. ఖజానా లెక్కకు పల్లె మూల్యం చెల్లించిందనడం అతిశయోక్తి కాదు.

2030 ప్రాంతంలో రానున్న 6జీకి అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2023లో గీసిన చట్రంలో సర్వత్రా అనుసంధానం ఒక లక్ష్యమే. అయితే పరిశోధనలో నలుగుతున్న బ్యాండ్లలో చాలావరకు 7 గిగాహెర్ట్జ్‌కు పైవే కాబట్టి, ఆ లక్ష్యం నెరవేరాలంటే ఉపగ్రహాలనో, కింది బ్యాండ్లనో ఆశ్రయించక తప్పదు. ఫోను నేరుగా ఉపగ్రహంతో మాట్లాడే ప్రమాణాలు 2022లోనే వచ్చాయి. కాకపోతే ఆకాశం కనిపించే ఆరుబయట పనిచేసినంత బాగా అది ఇంట్లో పనిచేయదు.

కనుక టవరు అవసరం తీరిపోదు. 2021 నాటి మంజూరులో నిర్వహణ ఖర్చు ఐదేళ్లకే కలిపారు. ఆ తరువాత కరెంటు బిల్లు, మరమ్మతులు ఎవరి పద్దులో పడతాయో 6జీ వేలం నిబంధనలు రాసేటప్పుడే తేల్చాలి.